లోభానికి ఒక ముఖం: కోట శ్రీనివాసరావు విలనీ

అరిషడ్వర్గాలను తెలుగు సినిమా విలన్లకు పంచి పెట్టమంటే పెద్ద కష్టమేమీ కాదు. క్రోధం రాజనాలకు వెళ్తుంది. జానపదాల్లో ఆయన కనుబొమ్మ ఎగరేస్తే చాలు, ఎవరికో మూడిందని నేల టికెట్ వాళ్లకు కూడా అర్థమయ్యేది. మదం ఎస్వీ రంగారావుది, అది ఆయన నడకలోనే ఉండేది. కామం, మాత్సర్యం సత్యనారాయణా, ఆర్. నాగేశ్వరరావూ చెరి కొంత తీసుకున్నారు. రావు గోపాలరావు దగ్గర లెక్క కాస్త తప్పుతుంది. ఆయన విలన్ రసికుడు, చెడ్డపనిని కూడా రుచి చూస్తూ చేస్తాడు. దాన్ని మోహం కింద వేసుకోవచ్చు. చివరికి మిగిలేది లోభం. తెర మీద అదేమంత అందంగా ఉండదు. కత్తి తిప్పదు, గుర్రం ఎక్కదు. అందుకే చాలాకాలం అది వడ్డీ షావుకారు పాత్రలకూ, పక్కన నవ్వించే గుమాస్తాలకూ పరిమితమైపోయింది.

ఆ గుణాన్ని ముందు వరుసలోకి తెచ్చిన నటుడు కోట శ్రీనివాసరావు. 750కి పైగా సినిమాలు, తొమ్మిది నంది అవార్డులు, 2015లో పద్మశ్రీ అంటూ ఆయన గురించి చెప్పేటప్పుడు అంకెలు వరసగా వస్తాయి. విలన్‌గా వచ్చిన నందులూ ఉన్నాయి, క్యారెక్టర్ నటుడిగా వచ్చినవీ ఉన్నాయి. ఒకే మనిషి ఇన్ని రకాల పాత్రలు చేశాడని ఆశ్చర్యపోవడం మామూలే. కానీ ఆ పాత్రల్లో బాగా గుర్తుండిపోయినవాటిని పక్కపక్కన పెడితే వాటి రకాలు అంత ఎక్కువగా కనిపించవు. చాలావాటిలో ఉన్నది ఒకే మనిషి. ఒకచోట పదవి కోసం, ఒకచోట పైసా కోసం, ఇంకోచోట వడ్డీ కోసం పిడికిలి బిగించుకుని కూర్చున్న లోభి. ఆ పిడికిలి కొంచెం గట్టిగా బిగిస్తే విలన్, కొంచెం వదులు చేస్తే కమెడియన్.

1942 జూలై 10న కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు కోట. తండ్రి డాక్టరు. కొడుక్కీ డాక్టరు కావాలనే ఉండేది గానీ నాటకాలు అటు పోనివ్వలేదు. డిగ్రీ అయ్యాక స్టేట్ బ్యాంకులో ఉద్యోగం. పగలు బ్యాంకు, సాయంత్రం రిహార్సల్. ఆ తరం నాటకాల వాళ్లలో చాలామంది బతుకు ఇలాగే సాగింది. బ్యాంకుల్లో, రైల్వేలో, విద్యుత్ శాఖలో ఉద్యోగం చేస్తూ పరిషత్తు నాటకాలకు సెలవు పెట్టుకునేవాళ్లు. సినిమాకు కావలసిన క్యారెక్టర్ నటులను తయారుచేసింది చాలావరకు ఈ ఉద్యోగస్తుల రంగస్థలమే.

బ్యాంకు కౌంటరు సంగతి కూడా ఇక్కడ కొట్టిపారేయలేం. డబ్బు తీసుకునేటప్పుడు మనిషి ముఖం ఒకలా ఉంటుంది, కట్టేటప్పుడు ఒకలా ఉంటుంది. నోట్లు లెక్కపెట్టుకుంటూ పక్కవాడి వైపు అనుమానంగా చూసే చూపు, అప్పు అడిగేవాడి గొంతులో వచ్చే మెత్తదనం, మేనేజర్‌తో పరిచయం ఉన్నవాడి దర్జా, ఇవన్నీ రోజూ ఎదురయ్యే చోటది. కోట నటనలో డబ్బు ప్రస్తావన వచ్చినప్పుడల్లా వేళ్లూ కళ్లూ ఒకేసారి పనిచేస్తాయి. ఆ చూపు ఎక్కడ పట్టుబడిందన్నది ఊహే గానీ, మరీ గాలిలో ఊహ కాదు.

1978లో వచ్చిన ‘ప్రాణం ఖరీదు’తో తెరకెక్కారు. చిరంజీవి నటించగా మొదట విడుదలైన సినిమా కూడా అదే. ఆ తర్వాత ఏడేళ్లపాటు చెప్పుకోదగ్గది పెద్దగా లేదు. దశ తిరిగింది 1985లో, ‘ప్రతిఘటన’తో.

టి. కృష్ణ దర్శకత్వంలో, రామోజీరావు నిర్మాణంలో వచ్చిన ఆ సినిమాలో అసలు రౌడీ కాళి. ఆ పాత్ర చేసింది చరణ్‌రాజ్. పట్టపగలు హత్య చేసేదీ, లెక్చరర్ ఝాన్సీని నడివీధిలో అవమానించేదీ, చివర ఆమె గొడ్డలికి బలయ్యేదీ అతనే. కోట వేసిన కాశయ్య రాజకీయ నాయకుడు. చెయ్యెత్తి కొట్టాల్సిన అవసరం అతనికి లేదు. అయినా సినిమా చూసి బయటికొచ్చిన జనం నోళ్లలో ఆడింది కాశయ్య మాటే. ఎందుకంటే కాళి లాంటివాడు మన వీధిలో లేకపోవచ్చు, కాశయ్య లాంటివాడు మాత్రం ప్రతి ఊళ్లోనూ ఉన్నాడు. ఖద్దరు కట్టుకుని, చేతులు జోడించి, తమ్మీ అని ఆప్యాయంగా పిలిచే మనిషి. ఆ పిలుపులో ఎక్కడా కోపం ఉండదు. అసలు భయం అక్కడే. పిలిచినవాడికి మనతో ఏదో పని పడిందని అర్థం.

అప్పటిదాకా విలన్ అంటే ఏదో ఒక మేరకు పండగ వేషం. పట్టు జుబ్బా, పులిగోరు, చేతికర్ర, సిగార్ లాంటివి ఉండాలి. నవ్వితే హాలు దద్దరిల్లాలి. కాశయ్యకు అవేవీ లేవు. తెలంగాణ మాటతీరు, నిదానం, లెక్క, అంతే. ఒక మనిషి ప్రాణం తీయించడం గురించీ, టీ తెప్పించడం గురించీ అతను ఒకే గొంతుతో మాట్లాడగలడు. దుర్మార్గాన్ని ఆవేశంగా కాక రోజువారీ వ్యవహారంగా చూపించడం కోట చేసిన కొత్త పని.

దీనికి కాలమూ కలిసొచ్చింది. 1980ల మధ్యకొచ్చేసరికి జమీందారు విలన్ పాతబడిపోయాడు. రాష్ట్రంలో రాజకీయం ఇంటింటి చర్చ అయింది. జనం కోపమంతా ఎమ్మెల్యే మీద, మంత్రి మీద, కాంట్రాక్టరు మీద. టి. కృష్ణ సినిమాలు ఆ కోపం మీదే నడిచాయి. ఆపైన పరిశ్రమ మద్రాసు నుంచి క్రమంగా హైదరాబాద్‌కు మారింది. కథలు కూడా నగరం వీధుల్లోకి, కాలేజీల్లోకి, సెటిల్‌మెంట్ల దందాల్లోకి వచ్చాయి. నూతన్ ప్రసాద్ 1989లో షూటింగ్ ప్రమాదంలో గాయపడి చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. రావు గోపాలరావు 1994లో పోయారు. మాటతో భయపెట్టే విలన్ కుర్చీ దాదాపు ఖాళీ అయిన సమయంలో కోట సిద్ధంగా ఉన్నారు.

కాశయ్య తర్వాత రెండేళ్లకే జంధ్యాల ‘అహ నా పెళ్లంట’. పిసినారి లక్ష్మీపతి. ఇంటి దూలానికి కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఒట్టి అన్నం తినే సీను తెలియని తెలుగువాడు అరుదు. నవ్వి ఊరుకోకుండా ఆ సీన్లో కోట ఏం చేస్తున్నారో ఒకసారి గమనించాలి. నవ్వించే ప్రయత్నం ఎక్కడా లేదు. ముఖంలో వెకిలితనం లేదు, ప్రేక్షకుడి వైపు చూసి కన్నుకొట్టడం లేదు. ఆకలేసిన మనిషి ఎంత శ్రద్ధగా తింటాడో అంత శ్రద్ధగా తింటాడు. లక్ష్మీపతి దృష్టిలో అది జోకు కాదు, పద్ధతి. కోడి మాంసం రుచి కంటితో వస్తుంటే నోటికి ఎందుకు ఖర్చు చెయ్యాలన్నది అతని న్యాయమైన ప్రశ్న.

అంటే కాశయ్యకు వాడిన పనిముట్టే లక్ష్మీపతికీ వాడారు. తన లోభం తనకు తప్పుగా అనిపించని మనిషి ఇద్దరిలోనూ ఉన్నాడు. ఒకడి చేతిలో అధికారం ఉంది కాబట్టి భయం వేసింది, ఇంకొకడి చేతిలో పాత గొడుగు కూడా లేదు కాబట్టి నవ్వొచ్చింది. బ్రహ్మానందం వేసిన పనివాడు అరగుండు ఈ లక్ష్మీపతి కింద పడే బాధలే బ్రహ్మానందాన్ని స్టార్ కమెడియన్‌ను చేశాయి. అందులో సగం వాటా కోటది. అరగుండు తిట్లు పేలాలంటే, తిట్టించుకునేవాడు ఏ మాత్రం నవ్వకుండా నిలబడాలి. అవతల గోడ గట్టిగా ఉంటేనే బంతి తిరిగొస్తుంది. హీరో సైతం లక్ష్మీపతిని గెలవడానికి అతనికంటే పెద్ద పిసినారిగా నటించాల్సొచ్చింది.

అదే 1987లో ఇంకో ముచ్చట. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో ఆయన్ను పోలిన పాత్రతో ‘మండలాధీశుడు’ వచ్చింది. ఆ పాత్ర కోట వేశారు. విజయవాడ రైల్వే స్టేషన్లో అభిమానులు తన మీద దాడి చేసిన సంగతి ఆయన తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. కొన్నాళ్లు వేషాలకూ ఇబ్బంది పడ్డారు. తెర మీద రాజకీయ నాయకుడిని వేసి పేరు తెచ్చుకున్న మనిషికి అదే వేషం దెబ్బలూ తెచ్చిపెట్టింది. ఆ తర్వాత పన్నెండేళ్లకు, 1999లో, అదే విజయవాడలో తూర్పు నియోజకవర్గం నుంచి బీజేపీ తరఫున గెలిచి అసెంబ్లీకి వెళ్లడం కొసమెరుపు. ఎమ్మెల్యేగా ఒక్క దఫాతో సరిపెట్టుకున్నారు. అసెంబ్లీ కంటే సెట్లో వేసిన ఎమ్మెల్యేలే జనానికి గుర్తున్నారని చెప్పడం ఆయన్ను తక్కువ చేయడం కాదు.

తర్వాతి పదేళ్లు వరసగా పాత్రలు. రామ్‌గోపాల్ వర్మ ‘శివ’లో మాచిరాజు, ఎంత అవసరమో అంతవరకే రౌడీని వాడుకునే నాయకుడు. ‘శత్రువు’లో లాయరు వెంకటరత్నం, ప్రతిదానికీ ‘థ్యాంక్స్’ అనే ఊతపదం. మర్యాదకు వాడే ఆ ఒక్క మాటనే ఆయన బెదిరింపుగా మార్చేశారు. ‘మనీ’లో అల్లాదీన్. 1993 నాటి ‘గాయం’లో గురునారాయణ దగ్గర మళ్లీ కాసేపు ఆగాలి. గురునారాయణ మాటలకు థియేటర్లో నవ్వులే నవ్వులు. చదువు తక్కువ, నోరు ఎక్కువ, ప్రసంగం రాదు. అలా నవ్వుతూ ఉండగానే అదే మనిషి ఊరు తగలబెట్టే లెక్కలు వేస్తుంటాడు. నవ్వినందుకు ప్రేక్షకుడికే కాస్త సిగ్గేస్తుంది. కాశయ్యనూ లక్ష్మీపతినీ ఒకే ఒంట్లో పెట్టిన పాత్ర ఇది. ‘గణేష్’లో ఆరోగ్య మంత్రి ఇదే దారిలో ఇంకో అడుగు. ఆసుపత్రులను పాడిగేదెల్లా చూసే మంత్రి. బట్టతల వేషం, ఆ కళ్లు, ఎవడు చచ్చినా తన వాటా తగ్గకూడదన్న పట్టుదల. రెండింటికీ విలన్‌గా నందులొచ్చాయి.

ఇక్కడ యాస సంగతి మాట్లాడక తప్పదు. కోటకు వచ్చిన పేరులో పెద్ద భాగం తెలంగాణ మాటతీరుది. ఆయనేమో కృష్ణా జిల్లా మనిషి. తెలుగు సినిమా దశాబ్దాలపాటు హీరో హీరోయిన్లకు కోస్తా జిల్లాల శిష్ట భాష ఇచ్చి, తెలంగాణ యాసను రౌడీలకూ జోకర్లకూ వదిలేసిందన్న ఫిర్యాదు న్యాయమైనదే. ‘ప్రతిఘటన’లోనూ చదువుకున్న ఝాన్సీ ఒక భాష మాట్లాడుతుంది, కాశయ్య ఇంకో భాష మాట్లాడతాడు. ఆ పంపకం అమాయకమైనది కాదు. ఒక ప్రాంతపు పిల్లలు తమ ఇంటి మాట తెర మీద వినపడగానే హాలంతా నవ్వడం చూస్తూ పెరిగారు. ‘ఫిదా’లో బాన్సువాడ అమ్మాయి హీరోయిన్‌గా తన యాసలోనే మాట్లాడేదాకా, ‘బలగం’లో ఇంటిల్లిపాదీ తమ భాషలోనే ఏడ్చేదాకా ఆ లెక్క పూర్తిగా మారలేదు.

ఈ పంపకం తప్పు పరిశ్రమది. దాన్లో కోట వాటా ఎంతన్నది వేరే ప్రశ్న. తెలంగాణ యాసను మిమిక్రీ చేసే నటులు రెండు మూడు మాటలు పట్టుకుని వాటినే ఒత్తి పలుకుతారు. కోట అలా చేయలేదు. వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ దిగుతుందో, ఉర్దూ మాట తెలుగు క్రియతో ఎక్కడ కలుస్తుందో, మర్యాద ఎక్కడ వెటకారమవుతుందో పట్టుకున్నారు. యాస ఆయనకు పైపైన తొడుక్కునే వేషం కాదు, ఆ మనిషి ఆలోచించే తీరే అది. అందుకే తెలంగాణ ప్రేక్షకుల్లోనూ ఆయనకు గట్టి అభిమానులున్నారు. అలా అని ఫిర్యాదు చెల్లిపోదు. మంచి నటుడు చేసినంత మాత్రాన చెడ్డ పంపకం మంచిది కాదు.

బాబూ మోహన్‌తో జంట గురించి కొద్దిగా చెబితే చాలు. ‘మామగారు’ (1991)తో అంటుకున్న ఆ మంట చాలా సినిమాల్లోకి పాకింది. పొడుగ్గా బుసకొట్టే కోట, పొట్టిగా ఎగిరిపడే బాబూ మోహన్. వాటిలో కొన్ని సీన్లు ఇప్పుడు చూస్తే తన్నుల కామెడీ ఎక్కువైపోయి విసుగేస్తుంది. తొంభైల్లో మాత్రం ఈ ఇద్దరి పేర్లు పోస్టరు మీద ఉంటే డిస్ట్రిబ్యూటరు నిశ్చింతగా ఉండేవాడు. ఆ బాబూ మోహన్ కూడా 1999లో అందోల్ నుంచి గెలవడంతో, కామెడీ ట్రాక్ అసెంబ్లీకి మారిందని జనం చమత్కరించుకోవడానికి వీలు చిక్కింది.

2000 దాటాక విలన్ మళ్లీ మారాడు. హీరో కండలు పెంచాడు కాబట్టి ఎదురు నిలబడేవాడికీ కండలు కావాలి. ముంబై నుంచీ, ఇతర భాషల నుంచీ ఆరడుగుల నటులు దిగారు. వాళ్లకు తెలుగు రాదు కాబట్టి గొంతు ఇంకొకరు ఇచ్చారు. ‘అరుంధతి’లో పశుపతి శరీరం సోనూ సూద్‌ది, గొంతు రవిశంకర్‌ది. ఆ కలయిక అద్భుతంగా కుదిరింది, కాదనలేం. కానీ అన్నిచోట్లా అలా కుదరదు. పెదవి ఒకటంటుంటే మాట ఇంకొకటి వినపడే విలన్లు డజన్ల కొద్దీ వచ్చారు, పోయారు. కోట దీని మీద బాహాటంగానే మండిపడేవారు. ఇక్కడి వాళ్లను పక్కనపెట్టి బయటినుంచి ఎందుకు తెస్తారన్నది ఆయన వాదన. దాన్ని స్వార్థమని కొట్టిపారేసినవాళ్లున్నారు. నిజానికి ఆయన మాటలో నటనకు సంబంధించిన సూక్ష్మం ఒకటుంది. ఒళ్లూ గొంతూ విడిపోతే కాశయ్య పుట్టడు. పిలుపులోనే బెదిరింపు ఉన్న మనిషికి డబ్బింగ్ చెప్పించలేం.

ఆ వాదనకు చిన్న చిక్కు కూడా ఉంది. 2003లో హరి దర్శకత్వంలో వచ్చిన తమిళ ‘సామి’లో విక్రమ్‌కు ఎదురు నిలిచిన తిరునల్వేలి దాదా పెరుమాళ్ పిచ్చై మన కోటే. తమిళనాడులో ఆ పేరుతోనే ఆయన్ను గుర్తుపట్టేవారు. ‘తిరుపాచ్చి’లాంటివి దాని వెనకే వచ్చాయి. అదే ‘సామి’ని మరుసటేడు బాలకృష్ణతో ‘లక్ష్మీ నరసింహా’గా తీశారు. కోట వేసిన విలన్ పాత్ర తెలుగులో చేసింది కన్నడిగుడైన ప్రకాశ్ రాజ్. తమిళ విలన్‌కు తెలుగువాడు, తెలుగు విలన్‌కు కన్నడవాడు. ప్రకాశ్ రాజ్ తన తెలుగు తానే మాట్లాడుకునే నటుడు కాబట్టి కోట ఫిర్యాదు ఆయనకు వర్తించదు. పరాయివాడా కాదా అన్నది ఊరుపేరుతో తేలే సంగతి కాదనడానికి ఈ ఇద్దరూ సాక్ష్యం. వర్మ హిందీ ‘సర్కార్’లో కోటను సెల్వర్ మణిగా చూపించినప్పుడు ముంబైలో ఆయనా పరాయివాడే.

వయసు పెరిగేకొద్దీ పాత్రల్లోని పిడికిలి మెల్లగా విడుతూ వచ్చింది. గుణ్ణం గంగరాజు ‘లిటిల్ సోల్జర్స్’లో తాత వేషానికి అప్పటికే, 1996లోనే, క్యారెక్టర్ నటుడిగా నంది అందుకున్నారు. ‘బొమ్మరిల్లు’లో హాసిని తండ్రి ఇంకో మంచి తూకం. ‘గబ్బర్ సింగ్’లో ‘మందు బాబులం’ అంటూ పాట కూడా పాడేశారు. శ్రుతి గురించి ఎవరూ పట్టించుకోలేదు, ఆ గొంతులోని మత్తే పాటయింది. 2010లో కొడుకు ప్రసాద్ రోడ్డు ప్రమాదంలో పోయాడు. అప్పుడప్పుడే సినిమాల్లో నిలదొక్కుకుంటున్న కుర్రాడు. ఆ దెబ్బ తర్వాత రెండేళ్లకు క్రిష్ ‘కృష్ణం వందే జగద్గురుమ్’లో సురభి సుబ్రహ్మణ్యంగా, మనవడి చేతిలో నాటకాన్ని పెట్టాలని తపించే తాతగా కనిపించారు. రంగస్థలం నుంచి వచ్చినవాడు మళ్లీ రంగు పూసుకుని తెర వెనక నిలబడ్డాడు. ఆ సినిమాలో ఆయన ముఖం చూస్తుంటే ఎక్కడిదాకా నటనో చెప్పడం కష్టం. 2025 జూలై 13న, 83 నిండిన మూడో రోజున, హైదరాబాద్‌లోని ఇంట్లో కన్నుమూశారు.

అయితే లోభి కథ అంతకుముందే, 2004లో, ‘ఆ నలుగురు’లో ఒక చోటికి చేరింది. చంద్ర సిద్ధార్థ దర్శకత్వంలో, మదన్ రాసిన ఆ సినిమాలో ఆయన పాత్ర పేరు కోటయ్య. వడ్డీకి డబ్బు తిప్పే పిసినారి. మొదటి సగం చూస్తే పదిహేడేళ్ల తర్వాత లక్ష్మీపతి వీధి మారి ఇక్కడికొచ్చాడనిపిస్తుంది. అదే బిగింపు, రూపాయి దగ్గర అదే ఊపిరి బిగపట్టడం. రాజేంద్రప్రసాద్ వేసిన రఘురాం అప్పు తీసుకుంటాడు, ప్రాణం వదులుతాడు. అప్పిచ్చినవాడికి ఇది మొండి బాకీ. కాశయ్యైతే లెక్క వేరే దారిలో రాబట్టేవాడు. లక్ష్మీపతైతే గుండె పగిలి కూర్చునేవాడు. కోటయ్య ఆ ఇంటి ముందు నిలబడి, కన్నపిల్లలు అంత్యక్రియల ఖర్చుకు వెనకాడుతుంటే చూస్తాడు. కోట ఇక్కడ పెద్దగా ఏడవరు. గొంతు కూడా మార్చరు. కాశయ్య తమ్మీ అని పిలిచిన గొంతే, లక్ష్మీపతి కోడిని చూస్తూ అన్నం తిన్న నోరే. ఇన్నేళ్లూ ఏదో పట్టుకుని ఉన్న ఆ వేళ్లు మాత్రం, ఏం చెయ్యాలో తెలియనట్టు, కాసేపు ఖాళీగా వేలాడతాయి.